పడమటి గాలి లేచే వేళ

ఈ మధ్య ఒక మధ్యాహ్నం బెజవాడ గవర్నర్‌పేటలో మా మేడ మీద ఆరేసిన బట్టలు తీస్తుంటే ఎండుమట్ట కాలుతున్న వాసన వచ్చింది. చేతిలో బట్టలు ఉండగానే పిట్టగోడ దగ్గరికి పరుగెత్తాను. పక్క ఖాళీ స్థలంలో ఎవరో చెత్త తగలబెడుతున్నారు. చుట్టూ సిమెంటు గోడలే, అంటుకోవడానికి ఏమీ లేదు. అయినా గుండె దడ తగ్గడానికి చాలాసేపు పట్టింది. ఈ భయం నాకు పుట్టుకతో రాలేదు. జైతూన్ బీ గారు పెట్టారు.

తొంభైలలో పెళ్ళయి చల్లపల్లి దగ్గర అత్తవారి ఊరు వెళ్ళాను. బెజవాడలో కిరసనాయిలు స్టవ్వుకు అలవాటు పడ్డ చేతికి కట్టెలపొయ్యి ఒక పట్టాన లొంగలేదు. ఊదీ ఊదీ కళ్ళు వాచేవి. ఎదురింట్లో రవికలు కుట్టే జైతూన్ బీ గారు చూడలేక వచ్చి, పొయ్యి నిండా నేను కుక్కిన కట్టెల్లో సగం బయటికి లాగేశారు.

"గాలాడనిస్తే అదే మండుద్ది అమ్మాయ్. పొద్దున్నే లావు తుమ్మకట్టెలు కాల్చుకో. మధ్యాన్నానికి నిప్పులే మిగలాలి, మంట ఉండకూడదు," అన్నారు.

"ఉంటే ఏమవుతుంది పిన్నిగారూ?"

ఆవిడ మా వంటపాక తాటాకు కప్పు వైపు వేలు చూపించారు.

మా వీధిలో అన్నీ తాటాకు ఇళ్ళే. ఒకదాని చూరు ఇంకోదానికి తగులుతూ ఉండేది. వేసవిలో పొద్దెక్కాక పడమటి గాలి లేచిందంటే ఒక్క నిప్పురవ్వ చాలు. ఆ వేళకు పొయ్యిల్లో మంట తీసెయ్యాలని అందరికీ తెలుసు, అందరూ మరిచిపోతూనే ఉంటారు. జైతూన్ బీ గారు మాత్రం కుట్టుమిషను వదిలేసి ఇంటింటికీ వచ్చి తొంగి చూసేవారు. "అదుగో, ఫైరింజనొచ్చింది," అని వీధి వీధంతా వేళాకోళం చేసేది.

మా అత్తయ్యకు అన్నగారితో ఏళ్ళ తరబడి మాటల్లేవు. ఆ వేసవిలో ఎవరో సర్దిచెప్పగా, భోజనానికి వస్తానని ఆయన కబురు పెట్టారు. అత్తయ్యకు కాలు నిలవలేదు. ఆయనకు గారెలంటే ప్రాణమట, వేడివేడిగా వెయ్యాలని పిండి రుబ్బి పెట్టుకున్నారు. బెజవాడ బస్సు ఆలస్యమైంది. ఆయన వచ్చి అరుగు మీద కూర్చునేసరికి గాలి లేచి తలుపులు కొట్టుకుంటున్నాయి. పొయ్యిలో నిప్పులే ఉన్నాయి, నూనె ఎంతకీ కాగడం లేదు. అత్తయ్య ఆత్రం కొద్దీ ఎండు కొబ్బరిమట్టలు విరిచి లోపలికి దూర్చారు. మంట బాణలి అంచులు దాటి లేచింది. రవ్వలు కప్పు వైపు ఎగిరాయి.

జైతూన్ బీ గారు నీళ్ళబిందెతో లోపలికి వచ్చారు.

"మట్టలు లాగెయ్ వదినా."

"నాలుగు వాయిలు, అంతే. మా అన్నయ్యొచ్చి కూర్చున్నాడు, కనపడట్లా?"

"నిప్పుల మీదే వేద్దాం. కాస్త నూనె పీల్చుకుంటాయి, పర్లా. ముందు మంట తియ్యి."

అత్తయ్య చేతిలో గరిటె విసిరికొట్టారు. "వీధంతా తగలబెట్టినదానివి, నువ్వా నాకు చెప్పేది!"

నాకు ఆ సంగతి అప్పటిదాకా తెలియదు. జైతూన్ బీ గారి ముఖం పాలిపోయింది, కాలు మాత్రం వెనక్కి వెయ్యలేదు.

"అవును, నా పొయ్యిలోంచి లేచిన రవ్వే. అందుకే వచ్చా," అని, నా వైపు తిరిగారు. "అమ్మాయ్, బాణలి దించు."

కాపురానికి వెళ్ళి ఏడాది కాలేదు. అత్తయ్య నన్నే చూస్తున్నారు. మసిగుడ్డ పట్టుకుని బాణలి దించాను. ఆవిడ మండుతున్న మట్టలు పెరట్లోకి లాగి బిందెడు నీళ్ళూ కుమ్మరించారు.

గారెలు తెల్లగా, నూనె కారుతూ వచ్చాయి. అన్నగారు ఒకటి తిని రెండోది విస్తట్లో వదిలేశారు. ఆయన వెళ్ళాక అత్తయ్య వంటపాకలో కూర్చుని ఏడ్చారు. "ఇప్పుడేమైంది? ఏవన్నా అంటుకుందా?" అని నన్ను నిలదీశారు. ఏమీ అంటుకోలేదు. జరగని ప్రమాదానికి సాక్ష్యం ఎక్కడి నుంచి తెస్తాం?

అత్తయ్య ఆవిడతో మాట్లాడడం మానేశారు. చలికాలంలో జైతూన్ బీ గారు కొడుకు దగ్గరికి బందరు వెళ్ళిపోయారు. వెళ్ళొస్తానని గుమ్మంలో నిలబడి చెప్పినా అత్తయ్య తల ఎత్తలేదు.

మళ్ళీ వేసవి వచ్చింది. ఒక మధ్యాహ్నం పొయ్యి మీద పప్పు ఉడుకుతుండగా గాలి లేచింది. నేను కదిలేలోపే అత్తయ్య వంగి మండుతున్న కట్టె బయటికి లాగి నీళ్ళు చల్లారు. పప్పుగిన్నె నిప్పుల మీదే ఉంచి, నా వైపు చూడకుండా, "లేకపోతే ఆవిడొచ్చి గోల పెట్టుద్ది," అని గొణిగారు.

ఆవిడ రారని మా ఇద్దరికీ తెలుసు. ఎదురింటికి తాళం వేసి ఉంది. నేను కొంగు దోపుకుని పక్కింటి పొయ్యి చూడడానికి వెళ్ళాను. వాళ్ళు నవ్వారు. నవ్వుతూనే మంట తీశారు. జైతూన్ బీ గారి భయం ఆ రోజే నాదైపోయింది. దాన్ని దించుకోవాలని నాకెప్పుడూ అనిపించలేదు.