అవ్వ తలాపున కోట రాయి

మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు వెళ్తూ మధ్యలో మళ్లితే మా ఊరు. ఊరికి ఒక కోట ఉంది. ఉందంటే, కూలిపోయి ఉంది. ఎవరు కట్టించారని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో రాజు పేరు చెప్తారు. ఏ రాజైతేనేం, రాళ్లు మోసింది మాత్రం మావాళ్లే. ఆ ముక్క రాసిన పుస్తకం ఇంతవరకూ నా కంటపడలేదు, పడుతుందన్న ఆశా లేదు.

మావాళ్లు చర్చికి వెళ్లడం మొదలుపెట్టి తరాలు గడిచాయి. కోట గోడ వెనక బీడే మా సమాధుల జాగా. ఇంట్లో ఎవరు పోయినా మగవాళ్లు కూలిన బురుజు దగ్గరికి వెళ్లి, ఒక రాయిని ఎంచుకుని, గడ్డపారతో పెకిలించి, మోసుకొచ్చి తలాపున పాతేవారు. పేరు చెక్కేవారు కాదు, సిలువ గీసేవారు కాదు. రాళ్లు మోసిన వంశానికి మనిషికొక రాయి చెందుతుందని, పోయేటప్పుడు అది తీసుకోవాలని మా ఆచారం. ఏ రాయి కింద ఎవరున్నారో ఆ ఇంటివాళ్లకు తెలుసు. ఈస్టర్ నాడు తెల్లవారుతుండగా వెళ్లి, రాయిని కడిగి, కొవ్వొత్తి వెలిగించి వచ్చేవాళ్లం.

మేం అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలుస్తాం. అవ్వ పోయినప్పుడు రాయిని బాపే ఎంచాడు. పెకిలిస్తుంటే గడ్డపార జారి ఒక మూల పెచ్చు ఊడింది. అవ్వకు దెబ్బ తగిలినట్టు ఆయన విలవిల్లాడాడు. రాయి పాతడం అయ్యాక పక్కనున్న ఖాళీ జాగాను చేత్తో చదును చేస్తూ, "గిది నాది. గుర్తువెట్టుకో బిడ్డా" అన్నాడు.

దగ్గర్లోని చిన్న మంగళారం ఊరి దాకా వచ్చిన ఫాంహౌజులు మమ్మల్ని వదిలిపెడతాయా? పట్నంలో ఉండే ఒక పెద్దమనిషి కోటనూ, చుట్టూ ఉన్న భూమినీ కొన్నాడు. ఆయన కారు తలుపు తీయడానికి మా ఊరి నాయకులు పోటీలు పడ్డారు. వాళ్లను తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

హద్దులు చూడడానికి వచ్చిన అధికారి సమాధుల మధ్య నిలబడి, "ఈ రాళ్లేంది?" అని అడిగాడు. పక్కనే మా బాపు ఉన్నాడు. కోట సంగతి ఒక సారు తనను అడగడమే ఆయనకు పండుగ. ఛాతీ విరుచుకుని చెప్పాడు.

"గివన్నీ కోట రాళ్లే సార్. గా బురుజువి. ఒక్కటి గూడ బయటిది గాదు."

అందులో అబద్ధమేం లేదు. గొప్పగా చెప్పుకోవడానికి మాకున్నది అదొక్కటే. కింద మనుషులున్నారని మాత్రం ఆయన చెప్పలేదు. ఊరంతటికీ తెలిసిన సంగతిని పనిగట్టుకుని చెప్పాలని ఆయనకు తోచలేదు. అధికారి ఆ జాగాను కోట శిథిలాలని రాసుకుని వెళ్లిపోయాడు.

తర్వాత ఎన్ని ఆఫీసులు తిరిగామో! "కోట రాళ్లేనని మీ ముసలాయనే చెప్పిండు గదా" అన్నారు. పేరున్న సమాధి ఒక్కటైనా చూపించమన్నారు. ఏది చూపిస్తాం? పాడుబడ్డ క్వారీ పక్కన కొత్త జాగా చూపించి, అదే పదివేలనుకోమన్నట్టు మాట్లాడారు. బీడు చుట్టూ ప్రహరీ లేచింది. గేటుకు తాళం పడింది.

ఈ ఏడు తాళం తీశారు. పెళ్లిళ్లకు ముందు ఫోటోలు దిగేవాళ్లకు ఆ కోట కిరాయికి ఇస్తున్నారట. ఈస్టర్ పొద్దున నేనూ బాపూ బిందెడు నీళ్లు తీసుకుని వెళ్లాం. వాచ్‌మన్ మా వాడవాడే. అటూ ఇటూ చూసి, "జర జల్ది రా పెద్దబాపూ" అని లోపలికి వదిలాడు.

లోపల బీడు లేదు. రాళ్లు లేవు. ఈ చివర నుంచి ఆ చివరకు పచ్చటి లాన్. బాపు తలెత్తి బురుజు వైపు చూశాడు. మా చిన్నప్పటి నుంచీ కూలి ఉన్న బురుజు నిండుగా నిలబడి ఉంది. శిథిలాలన్నీ ఏరి మళ్లీ కట్టారు. బాపు దాని చుట్టూ తిరుగుతూ ఒక్కో రాయినీ చూశాడు. ఒకచోట ఆగి వేలు పైకెత్తాడు.

"గదే. మీ అవ్వ రాయి."

చాలా ఎత్తున, పెచ్చు ఊడిన మూలతో. మా తాతముత్తాతలు పైకి మోసిన రాయిని బాపు కిందికి దించాడు. అది మళ్లీ పైకెక్కింది. ఈసారి క్రేన్ మోసింది కాబట్టి మేం సంతోషించాలి కాబోలు. బాపు దోసిట్లో నీళ్లు తీసుకుని పైకి చల్లాడు. అందలేదు.

"పెద్దబాపూ, జర పక్కకు జరుగు. ఫోటోలోళ్లు వచ్చిన్రు" అన్నాడు వాచ్‌మన్. పట్టుబట్టల జంట వచ్చి గోడకు ఆనుకుని నవ్వింది. బాపు పక్కకు జరిగి లాన్ అంచున నిలబడ్డాడు.

"రాయి కనవడ్డది బిడ్డా. మీ అవ్వ ఏడున్నది?"

గడ్డి అంతా ఒక్క తీరుగా ఉంది. ఏ గుర్తు పట్టుకుని చూపించను? నీళ్లు ఎక్కడ పోయాలో తెలియక బిందెను ఇంటికి మోసుకొచ్చాం.