కూర్చున్నవారు అతిథి

గిన్నెలక్క ఆ హోటలు ముందు తలుపు గుండా లోపలికి రావడం అదే మొదటిసారి. వెనక తలుపుతో ఆమెకు ఏళ్ళ నాటి పరిచయం. గొళ్ళెం ఎక్కడ బిగుసుకుంటుందో, రెక్కను ఎంత పైకెత్తి నెడితే కిర్రుమనకుండా తెరుచుకుంటుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. ముందు తలుపు నిలువెత్తు అద్దం. దాన్ని తోయాలో లాగాలో తెలియక క్షణం తటపటాయించింది.

"తోయవే మరదలా, అదేం కరవదు," అంది వెనక నిలబడ్డ వదిన.

వదిన అంటే భర్తకు అక్క. బట్టలు కుట్టి బతికే మనిషి. నోరు ఆమె చేతిలోని కత్తెర కన్నా పదును. అసలీ ప్రయాణానికి మూలం ఆ నోరే. ఊరికి వచ్చినప్పుడల్లా "అంత పెద్ద హోటల్లో పనిచేస్తున్నానంటావు, ఎప్పుడైనా అక్కడ కూర్చుని ఓ ముద్ద తిన్నావా?" అని అడిగేది. గిన్నెలక్క ప్రతిసారీ మాట మార్చేది. కిందటిసారి మార్చడానికి మాట దొరకలేదు. "నా సెలవు రోజున రా, ఇద్దరం తిందాం," అనేసింది. అన్నాక నాలిక కరుచుకుంది. అయినా అన్న మాట వెనక్కి తీసుకోవడం ఆమెకు చేతకాదు.

ఎందుకంటే, అక్కడ పనివాళ్ళు హాల్లో కూర్చోరు. ఆ నియమం ఎక్కడా రాసి లేదు. రాసి ఉంటే చదవవచ్చు, ప్రశ్నించవచ్చు, కొట్టివేయమని అడగవచ్చు. రాయని నియమానికి ఆ చిక్కులేవీ లేవు. అది గాలిలా అంతటా ఉంటుంది, పట్టుకోబోతే చేతికి చిక్కదు.

రహదారి పొడవునా అదే పేరుతో, అదే నారింజ రంగు కప్పుతో వెలసిన హోటళ్ళలో అదొకటి. ఏ మలుపు దగ్గర దిగినా అవే బల్లలు, అవే మెత్తటి కుర్చీలు, అదే సూపు వాసన. ప్రయాణికుడికి ఎక్కడా కొత్త అనిపించకూడదన్నది సంస్థ పట్టుదల. హాలుకూ వంటింటికీ నడుమ గోడలో ఒక చిన్న కిటికీ ఉంది. తిన్న పళ్ళేలు అందులోంచి ఇవతలికి వస్తాయి. ఇవతల, ఆవిర్లలో, మోచేతుల దాకా రబ్బరు తొడుగులతో గిన్నెలక్క నిలబడి వాటిని కడుగుతూ ఉంటుంది. హాల్లో భోంచేసేవాళ్ళకు ఆమె అంటే రెండు చేతులు, అంతే.

పనివాళ్ళ తిండి వెనక మెట్ల దగ్గర. ఒకప్పుడు అక్కడో బల్ల ఉండేది. కూర్చుంటే బద్ధకం పెరుగుతుందని పైవాళ్ళకెవరికో తోచింది, ఒక ఉదయం చూసేసరికి బల్ల మాయమైంది. అప్పటినుంచి అందరూ పళ్ళెం ఒక చేత్తో పట్టుకుని, గోడకు ఆనుకుని, నిలబడే తింటున్నారు.

కూర్చోడానికి బల్ల లేకపోయినా రోజూ తప్పనిది మాత్రం ఒకటుంది. పొద్దున్నే తలుపులు తీయకముందు పెరట్లో అందరూ వరసగా నిలబడి సంస్థవారి ప్రతిజ్ఞ గొంతెత్తి చదవాలి. "కూర్చున్నవారు అతిథి. అతిథి లేచేదాకా మనం కూర్చోము. అతిథిని లేపే మాట మన నోట రాదు." గిన్నెలక్క గొంతు అన్నిటికన్నా పైన వినిపించేది. ఏ పనైనా సగం సగం చేయడం ఆమెకు గిట్టదు.

వదినా మరదళ్ళిద్దరూ రోడ్డు వైపు కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చున్నారు. వడ్డించే అమ్మాయి వచ్చి, గిన్నెలక్కను చూసి, కళ్ళు పెద్దవి చేసి, అంతలోనే సర్దుకుంది.

"ఏం తెమ్మంటారండీ?" అంది పెదవి బిగబట్టి.

"అండీ అట! పొద్దున లేస్తే నన్ను అక్కా అక్కా అని పీక్కుతింటావు కదే."

"ఇవాళ మీరు అతిథి కదండీ," అని నవ్వాపుకుంటూ వెళ్ళిపోయింది.

సూపు వచ్చింది. తరవాత అన్నం, కోడి వేపుడు. గిన్నెలక్క మొదటి ముద్ద నెమ్మదిగా నమిలింది. ఇన్నేళ్ళూ ఆ వంటను ఆమె చల్లారాకే తింది. వేడిగా ఉన్నప్పుడు అది వేరే వంటలా ఉంది.

"ఎలా ఉంది?" అంది వదిన.

"కాళ్ళు తేలికగా ఉన్నాయి వదినా."

"నేను కోడి గురించి అడిగాను, నీ కాళ్ళ గురించి కాదు!"

ఇద్దరూ గట్టిగా నవ్వారు. పక్క బల్ల వాళ్ళు తిరిగి చూశారు. చూడనీ అనుకుంది గిన్నెలక్క. తెల్ల టోపీ, ప్లాస్టిక్ ఏప్రన్ లేకపోతే కొత్త మేనేజరు ఆమెను గుర్తుపట్టలేడు. ప్రధాన కార్యాలయం నుంచి ఈమధ్యనే వచ్చిన కుర్రాడు. పొద్దుటి వరసలో అతనికి కనిపించేవి టోపీలే, వాటి కింద ముఖాలు కావు. అప్పటికే రెండుసార్లు వాళ్ళ బల్ల పక్కనుంచి నడుస్తూ "అంతా బాగుందాండీ?" అని చిరునవ్వు కూడా విసిరి వెళ్ళాడు.

పట్టించింది ఆమె చేతులే. వేపుడు అయిపోయింది, ఐస్‌క్రీమ్ రావాలి. కబుర్లలో పడి గిన్నెలక్క తనకు తెలియకుండానే ఎముకలన్నీ ఒక పళ్ళెంలోకి గీకింది. ఖాళీ పళ్ళేన్ని దాని కింద పెట్టింది. సూపు గిన్నెలు ఒకదాంట్లో ఒకటి దూర్చింది. చెంచాల పిడులన్నీ ఒకే వైపు తిప్పి, గ్లాసులు వాటి పక్కన చేర్చి, మొత్తాన్ని బల్ల అంచుకు జరిపింది. డబ్బిచ్చి తినే మనిషి ఆ పని చేయడు. చేసినా, ఆ వరసలో చేయడు.

మేనేజరు ఆగిపోయాడు. పళ్ళేలను చూశాడు, చేతులను చూశాడు, అప్పుడు ముఖం చూశాడు.

"నువ్వు... కడిగే ఆమెవి కదూ?"

రెండు నిమిషాల కిందటి 'అండీ' ఎటు పోయిందో తెలియదు.

"అవును సార్. ఇవాళ నా సెలవు."

"సెలవైతే ఇంట్లో ఉండాలి. స్టాఫ్ హాల్లో కూర్చోకూడదని తెలీదా? లే, ముందు లే. మిగిలింది వెనక్కి పంపిస్తాను, అక్కడ తిను."

వదిన చెయ్యి పైకి లేచింది, దాంతోపాటు నోరూ లేవబోయింది. గిన్నెలక్క ఆ చేతి మీద చెయ్యి వేసి ఆపింది. లేచి వెళ్ళిపోతే ఉద్యోగం నిలుస్తుంది. ఆ సంగతి ఆమెకు స్పష్టంగా తెలుసు. మళ్ళీ రేపు ఆవిర్లలో నిలబడవచ్చు, గోడకు ఆనుకుని తినవచ్చు, వదిన ఊరికి వచ్చినప్పుడల్లా మాట మార్చవచ్చు. ఇంతసేపూ తేలికగా ఉన్న కాళ్ళు ఒక్కసారిగా బరువెక్కాయి. ఆ బరువే ఆమెను కుర్చీలో కూర్చోబెట్టింది.

"సార్, పొద్దున మీరు మాతో చదివించేది ఏమిటి?"

"ఏమిటీ?"

"కూర్చున్నవారు అతిథి," అంది గిన్నెలక్క. పెరట్లో చదివే గొంతుతోనే అంది. హాలంతా వినబడింది. "నేను కూర్చున్నాను. అతిథిని లేపే మాట మన నోట రాదు అని కూడా ఉంది. మీ నోట వచ్చింది."

"అది కస్టమర్లకు!"

"కస్టమర్లకని అందులో లేదు సార్. రోజూ చదివేదాన్ని, నాకు తెలీదా? స్టాఫ్ తప్ప అని ఎక్కడుందో చూపించండి, ఇప్పుడే లేస్తాను."

గోడలోని చిన్న కిటికీలో ముఖాలు గుమిగూడాయి. పెద్ద వంటవాడి మీసాలు వాటి మధ్యలో ఇరుక్కున్నాయి. మేనేజరు గొంతు తగ్గించాడు.

"చూడు, మర్యాదగా చెబుతున్నాను. లేవకపోతే రేపటినుంచి పనిలోకి రానక్కర్లేదు."

"రేపటి మాట రేపు చూద్దాం సార్. ఇవాళ నాకు ఐస్‌క్రీమ్ రావాలి."

వడ్డించే అమ్మాయి అప్పటికే ట్రేతో వచ్చి నిలబడి ఉంది. మేనేజరు అడ్డుగా ఉన్నాడని పక్కకు తిరిగి, అతని మోచేతి కిందనుంచి రెండు కప్పులూ బల్ల మీద పెట్టేసింది. గిన్నెలక్క నిదానంగా తింది. చల్లదనానికి పళ్ళు జివ్వుమన్నా ఆపలేదు. అతిథి లేచేదాకా కూర్చోకూడదు కాబట్టి కాబోలు, మేనేజరు అలాగే నిలబడి ఉన్నాడు.

బయటికొచ్చాక వదిన గొంతు కూడా తగ్గింది. అదొక వింత. "పోయిందా ఉద్యోగం?" అంది.

"తీసేస్తే చెప్పి తీసేయాలి కదా, ఎందుకు తీసేశారో."

ఆ రాత్రి ఆమెకు సరిగా నిద్ర పట్టలేదు. భయం లేదని ఎవరైనా అంటే అబద్ధం. భయంతోనే తెల్లవారి లేచింది, భయంతోనే టోపీ పెట్టుకుంది, వెళ్ళి పెరట్లో వరసలో తన చోట నిలబడింది.

"నిన్ను రావద్దన్నాను," అన్నాడు మేనేజరు.

"ఎందుకు వద్దన్నారో వీళ్ళందరి ముందు ఒక్క ముక్క చెప్పండి సార్. వెళ్ళిపోతాను."

అతను దిక్కులు చూశాడు. తప్పు ఏమిటో పేరు పెట్టి చెప్పాల్సి వచ్చేసరికి అది ఎంత చిన్నదైపోతుందో అతనికి అప్పుడే తెలిసి వస్తున్నట్టుంది.

"హాల్లో... కూర్చుని తిన్నందుకు."

వరసలోంచి వడ్డించే అమ్మాయి చెయ్యెత్తింది.

"సార్, నా సెలవు శుక్రవారం. నేనూ వచ్చి కూర్చుని తింటాను. తరవాత చెప్పలేదనకండి."

"నాది ఆదివారం," అన్నాడు పెద్ద వంటవాడు. "మా ఆవిడనూ తీసుకొస్తాను. నా వంట ఎవడో బాగుందన్నాడని ఇంట్లో చెబితే నమ్మదు, కళ్ళారా చూసుకుంటుంది."

వరసంతా గొల్లుమంది. అంతలో రోడ్డు మీద మొదటి బస్సు హారను మోగింది. నిండు బస్సు, ఆకలితో ఉన్న జనం. మేనేజరు గడియారం చూసుకున్నాడు, తలుపు వైపు చూశాడు, వరసను చూశాడు. ఈసారి టోపీల కింద ముఖాలు కనిపించాయి.

"ప్రతిజ్ఞ కానిచ్చి పనుల్లోకి వెళ్ళండి," అన్నాడు.

క్షమాపణ లేదు, ఉత్తర్వు లేదు. ఆ ఒక్క మాటే తీర్పు. గిన్నెలక్క దాన్ని అలాగే తీసుకుంది. ప్రతిజ్ఞ అందుకుంది. పెరడు దద్దరిల్లింది. లోపలికి వెళ్తూ మేనేజరు పక్కన ఆగి, "వెనక మెట్ల దగ్గర బల్ల ఎప్పుడు వేయిస్తారు సార్?" అని అడిగింది. అతను తలుపులు తీయడానికి వెళ్ళిపోయాడు. రేపు మళ్ళీ అడుగుతుంది.

శుక్రవారం మధ్యాహ్నం గోడ కిటికీలోంచి పళ్ళేలు వస్తూనే ఉన్నాయి. చిందరవందరగా, ఒకదాని మీద ఒకటి పడేసినవి, గ్లాసులో ఎముకలు కుక్కినవి. వాటి మధ్య ఒక వరస వచ్చింది. గీకిన పళ్ళేలు, గిన్నెలో గిన్నె, చెంచాల పిడులన్నీ ఒకే వైపు. కావాలని, అందరికీ కనబడేలా పేర్చినవి. గిన్నెలక్క తల వంచి కిటికీలోంచి హాల్లోకి చూసింది. రోడ్డు వైపు కిటికీ పక్క బల్ల దగ్గర ఇస్త్రీ బట్టల్లో కూర్చున్న వడ్డించే అమ్మాయి ఆమెకు చెయ్యి ఊపి, ఐస్‌క్రీమ్ కోసం గట్టిగా కేకేసింది.