తాడు తేల్చిన ముక్కోణం

నేను నాలుగో ఫారంలో ఉండగా మా లెక్కల వాద్యారు ఇచ్చే ఇంటి లెక్కలు మోయాలంటే జత ఎద్దులు కావాల. ఆయన తుమ్మితే మిల్లు సంగు కూసిందనుకొని జనం షిఫ్టుకి బయల్దేరేవాళ్లు.

ఏడాది చివర ఒక శుక్రవారం ఆయన తేల్చి చెప్పినాడు. సోమవారానికి ఒక్క ముక్కోణం లెక్క సరిగ్గా నిరూపించుకొచ్చినవాడికే అయిదో ఫారంలో గణితం, తక్కినవాళ్లకి చరిత్ర. గణితం లేకపోతే ఇంజనీరు చదువు లేదు. నన్ను మిల్లులో ఇంజనీరుగా చూడాలని మా నాయన నేను పుట్టకముందే అనుకున్నాడు. పుట్టినాక నన్ను చూసి కూడా మనసు మార్చుకోలేదు.

ఆల్జీబ్రా మా ఇంట్లో ఎవరికీ గిట్టలేదు. ఎక్స్ ఎంతో కనుక్కోవాలంటే, పోగొట్టుకున్నవాడు వెతుక్కోకుండా పరాయి పిల్లోళ్లని ఎందుకు ఏడిపిస్తాడని మా అవ్వ అడిగింది. ముక్కోణం అనేసరికి మాత్రం నాయనకి ప్రాణం లేచొచ్చింది. రెండు మూలలు సమానమైతే వాటి ఎదురు పక్కలూ సమానమని నిరూపించాల.

"దీనికి ఏడుపెందుకురా? కొలిస్తే పోతుంది" అన్నాడు.

పొలం గట్టు తగువుల్ని తాడు పట్టి తీర్చుకున్న వంశం మాది. తాడు చెప్పినాక మారుమాట లేదు. నాయన పత్తి ఎండేసే కళంలో మూడు మేకులు దిగ్గొట్టి తాడు లాగినాడు. ఆ ముక్కోణం ఎంత పెద్దదంటే ఒక మూల తళవాయిపురం బస్సుకి అడ్డమొచ్చింది. చిన్నాన్న నా ప్రొట్రాక్టర్ పెట్టి, ఒంటికన్నుతో గురి చూసి, రెండు మూలలూ సమానమన్నాడు. పక్కలు కొలిస్తే ఒక పక్క రెండోదానికంటే రెండు వేళ్లు ఎక్కువొచ్చింది. మళ్లీ కొలిచినారు. అవే రెండు వేళ్లు.

నాయన చాలాసేపు ఆలోచించి, పొత్తకంలో తప్పుంది, ఉన్నదున్నట్టు రాయమన్నాడు. నిరూపించి రమ్మన్నారని నేను గొణిగితే, లేనిదాన్ని ఎట్ల నిరూపిస్తావని కసిరినాడు. రాసినాను. కొలిచిన పెద్దలిద్దరినీ సాక్షులుగా కూడా చూపించినాను.

సోమవారం వాద్యారు అది చదివినాడు. కొట్టుంటే బాగుండు. నవ్వినా బాగుండు. నీకు గణితం వద్దు తంబీ అని మెల్లగా అన్నాడు.

మరునాడు నాయన ఇస్త్రీ చొక్కా వేసుకొని బడికొచ్చినాడు. వాద్యారు మర్యాదగా కూర్చోబెట్టి, నిరూపించడమంటే కొలవడం కాదని, గీత వంకరపోయినా మాట నిజమేనని, బోర్డు మీద మొదటినించి చివరిదాకా చూపించినాడు. నాయన కదలకుండా విన్నాడు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆయనకి అంతా అర్థమైంది.

"అయితే తప్పు నాది గదా సార్. పిల్లోడిది కాదే" అన్నాడు.

వాద్యారు మెత్తబడినాడు. సుద్దముక్క నా చేతికిచ్చి, ఇప్పుడు చెప్పిందే మళ్లీ చెప్పు, గణితం ఇస్తానన్నాడు. నేను బోర్డు ముందర నిలబడినాను. ఎంతసేపంటే, గోడమీది బల్లి నా కళ్ల ముందే ముసలిదైపోయింది. మూడు మూలలకూ పేర్లు పెట్టినాను. ఆ తరువాత ఏమీ రాలేదు.

నాయన లేచి వచ్చి, నా వేళ్లలోంచి సుద్దముక్క తీసి, మేజా మీద మెల్లగా పెట్టినాడు.

"పదరా" అన్నాడు.