నకిరేకల్ నుంచి డెహ్రాడూన్ మంచు దాకా

మా మేనకోడలు మౌనిక మంచు మీద నాట్యం చేస్తుందని తొమ్మిదేళ్లుగా వింటున్నాను కానీ, ఒక్కసారి కూడా చూసింది లేదు. నిజం చెప్పాలంటే, చూడనని మొండికేసినవాణ్ని. పరాయి పిల్లగాడి చెయ్యి పట్టుకుని ఆడే ఆట ఏమిటని మా చెల్లె సుగుణతో నానా గొడవ పెట్టుకున్నాను. ఈసారి జాతీయ పోటీలకు బిడ్డకు తోడు వెళ్లాల్సిన సుగుణ, బావకు జ్వరం తగిలి ఆగిపోయింది.

"నువ్వు పో అన్నా. గిదే ఆఖరుదైతదో ఏమో. మనోళ్లు ఒక్కరన్న ఉండాలె గదా" అంది.

మోకాలి నొప్పితో వారం కింద గుర్గావ్ నుంచి ఇంటికొచ్చిన మౌనికను చూసి, డాక్టర్లు ఇక చాలన్నారట. ఈ పోటీలో మొదట వస్తే బయటి దేశం పోటీకి పంపుతారు, మరో ఏడాది ఆడుతుంది. రాకపోతే చిన్నపిల్లలకు నేర్పే ఉద్యోగంలో చేరిపోతుంది. ఆ మాట విన్నాక కాదనలేకపోయాను.

తెల్లవారి ఐదున్నరకు నకిరేకల్‌లో బస్సెక్కాం. నాది నిమ్మకాయల వ్యాపారం కనుక సంచిలో కాయలు ఎలాగూ ఉన్నాయి. ఎనిమిదింటికి ఎల్బీనగర్‌లో దిగి, ఇడ్లీ తిని, సికింద్రాబాద్ చేరుకుని మధ్యాహ్నం ఢిల్లీ రైలు పట్టుకున్నాం. ఈ దారిన వెళ్లేవాళ్లకు ఒక మాట: పులిహోర కట్టుకుపోండి. నాగపూర్ దాటాక మన నోటికి పట్టే అన్నం దొరకదు.

ఎదురు బెర్తులో వరంగల్ అవ్వ ఒకామె మౌనిక బూట్లను చూసి నోరు తెరిచింది. బూటు అడుగున కొడవలి మందాన ఉక్కు బ్లేడు.

"గీటి మీద నిలవడ్తవా? జారి పడవా బిడ్డా?"

"పడి పడే నేర్చుకున్న అవ్వా" అని నవ్వింది మౌనిక.

ఆ అవ్వకు చెబుతుంటే నేనూ మొదటిసారి పూర్తిగా విన్నాను. బావ మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసేటప్పుడు, కాలనీ బ్యాడ్మింటన్ కోర్టు గచ్చు మీద చక్రాల బూట్లతో మొదలుపెట్టింది. పద్దెనిమిదేళ్లకు గుర్గావ్ చేరింది. అక్కడ ఒక మాల్‌లోని మంచు గచ్చు మీద, దుకాణాలు తెరవకముందే సాధన. ఈ ఆటకు ఇద్దరు కావాలి. పెద్ద దూకుళ్లు ఉండవు, ఇద్దరూ పాటకు తగ్గట్టు ఒక్క అడుగుగా కదలాలి. మొదటి జోడీ కుర్రాడు ఉద్యోగం వచ్చి మానేస్తే, రెండేళ్లు జోడీ లేకుండానే సాధన చేసిందట. ఆ తర్వాత నిఖిల్ అనే ఢిల్లీ అబ్బాయి కలిశాడు. ఆ రెండేళ్లలో నేను ఒక్క ఫోనైనా చేయలేదని గుర్తొచ్చి కిటికీ వైపు తిరిగాను.

మర్నాడు పొద్దున మౌనిక మొహం కడుక్కోవడానికి వెళ్లినప్పుడు సుగుణ ఇచ్చిన పొట్లం విప్పాను. "బ్లేళ్లకు బొట్టు పెట్టు అన్నా" అని మరీ మరీ చెప్పి పంపింది. దసరాకు మా దుకాణంలో కాంటాకు ఎలా చేస్తానో అలాగే చేశాను. పసుపు తడిపి రాశాను, కుంకుమ పెట్టాను. అంతటితో ఆగకుండా, నిమ్మకాయ కోసి కుంకుమద్ది రెండు బ్లేళ్లకూ దిష్టి తీస్తూ రుద్దాను. రబ్బరు తొడుగులు మళ్లీ తొడిగి, మంచి పని చేశానని సంతోషపడ్డాను.

మూడింటికి ఢిల్లీ, అక్కణ్నుంచి బస్సు. డెహ్రాడూన్‌లో లాడ్జి చేరేసరికి తొమ్మిదిన్నర. పొద్దున్నే మంచు మైదానానికి వెళ్లాం. లోపల మన ఐస్ ఫ్యాక్టరీ చలి, స్వెటర్ ఒకటి సరిపోదు. మౌనిక తొడుగులు తీసి బ్లేళ్లను వెలుగుకు తిప్పి చూసింది. బ్లేళ్ల నిండా ఎర్రటి తుప్పు మచ్చలు.

"గిదేంది మామా?"

చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"మంచు దిగంగనే తుడుస్త మామా. చుక్క తడి ఉండనియ్య. తొమ్మిదేండ్లల్ల ఒక్కరోజు మర్వలే" అంది, నా వైపు చూడకుండా.

బ్లేళ్లు సానపట్టే పహాడీ పెద్దాయన అటూ ఇటూ తిప్పి చూసి, రెండు గంటలు కావాలన్నాడు. తుప్పు పోతుంది కానీ అంచు మారుతుంది, పాదం మళ్లీ అలవాటు పడాలి అన్నాడు హిందీలో. ఆ రెండు గంటలూ నేను అతని పక్కనే నిలబడ్డాను. బూట్లు చేతికొచ్చేసరికి వాళ్లకు సాధనకని ఇచ్చిన సమయంలో పావుగంటే మిగిలింది.

నాలుగింటికి వాళ్ల వంతు. మౌనిక, నిఖిల్ చేతులు పట్టుకుని మధ్యలో నిలిచారు. పాట మొదలైంది. ఇక ఏం చెప్పను! ఇద్దరూ మైదానం ఈ కొస నుంచి ఆ కొసకు, నడుస్తున్నట్టు కాదు, పరుగెత్తుతున్నట్టూ కాదు, సర్రున పోతున్నారు. ఒకే కాలి మీద వంగి, వెనక్కి తిరిగి, మళ్లీ ముందుకు. ఇద్దరి మధ్య జానెడు జాగా, అది పెరగదు, తరగదు. నా కాంటా ముల్లు కూడా అంత నికరంగా నిలవదు. నేను గొడవ పడింది ఆ చెయ్యి పట్టుకోవడం గురించే కదా. ఆ చెయ్యి వదిలితే ఆ వేగంలో ఏమవుతుందో అప్పుడు అర్థమైంది. నా చిన్నారి మేనకోడలు ఇంత గొప్ప మనిషయిందని తెలియక తొమ్మిదేళ్లు పోగొట్టుకున్నాను. కళ్లు తుడుచుకుంటే పక్కనున్న సర్దార్జీ నీళ్ల సీసా ఇచ్చాడు.

చివర్లో ఒక మలుపులో ఆమె ఎడమకాలు కొద్దిగా తడబడింది. నిఖిల్ పట్టుకున్నాడు. రెండో స్థానం వచ్చింది.

బయట బెంచీ మీద అడిగేశాను. "నా నిమ్మకాయ వల్లనేనా బిడ్డా?"

"కాదు మామా, మోకాలు. బ్లేడు మంచిగనే పట్టింది." బూట్లను సంచిలో పెట్టింది. "నువ్వు చూసినవు గదా. గది చాలు."

ఉద్యోగం మాట్లాడుకోవడానికి ఆమె గుర్గావ్‌లో ఉంటానంది, నన్ను రైలెక్కించడానికి మాత్రం వచ్చింది. ఢిల్లీ స్టేషన్‌లో బూట్ల సంచి నా చేతికిచ్చింది.

"అమ్మకియ్యి మామా. పిల్లలకు నేర్పనీకి మామూలు జత చాలు. ఇగ పసుపు పెట్టుకున్నా, నిమ్మకాయ రుద్దుకున్నా ఏం ఫికర్ లేదు."

నవ్వుతూనే అంది. రైలు కదిలేదాకా సంచి వైపే చూస్తూ నిలబడింది.

ఎల్బీనగర్‌లో నకిరేకల్ బస్సెక్కాక పక్క సీటాయన, "ఏముంది పెద్దమనిషీ, గంత పదిలంగ పట్టుకున్నవు?" అన్నాడు. తీసి చూపించాను. నేను చూసిందంతా చిట్యాల దాకా చెబుతూనే ఉన్నాను. ఇన్ని ఊళ్లు తిరిగాను కానీ, మనిషి కాలి కింద ఇంత చిన్న జాగాలో ఇంత పెద్ద బతుకు నిలబడుతుందని ఆ మంచు దగ్గరే చూశాను. ఆయన దిగిపోయాక తొడుగులు తీశాను. బ్లేళ్లు పొడిగానే ఉన్నాయి. అయినా కండువాతో తుడిచాను. నకిరేకల్ వచ్చేదాకా తుడుస్తూనే ఉన్నాను.