ఊరందరికీ సరిపోయిన రక్తం

ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉందిగానీ, ఆ పేరుతో పిలిస్తే ఆయనే వెనక్కి తిరిగి చూడడు. ఊరందరికీ ఆయన ఓ నెగిటివ్ బాబాయి.

చేసిన పని చెప్పుకోవడంలో తప్పులేదు కాబట్టి ముందు అదే చెప్పుకోవాలి. పంపులు బాగుచేసే వర్క్‌షాపులో ముప్పై ఏళ్ల పైచిలుకు లేత్ మిషన్ మీద నిలబడ్డాడు. ఇనప కడ్డీని వెంట్రుకవాసి తేడా లేకుండా చెక్కగల టర్నర్ ఆ చుట్టుపక్కల ఇంకొకడు లేడు. అది పొట్టకూటి పని. అసలు పని వేరే ఉంది. నూటికి ఏ కొద్దిమందికో ఉండే ఓ నెగిటివ్ గ్రూపు రక్తం ఆయనది. ఎవరికైనా సరిపోతుంది. ఇరవై రెండో ఏట మొదలుపెట్టి, వందసార్లు దాటాక తాను లెక్కపెట్టడం మానేశాడు. ఆ తర్వాత ఊరే లెక్కపెట్టింది. వరదలో మెడలోతు నీళ్లు దాటి వెళ్లి ఇచ్చాడు. కాన్పులో చెయ్యిజారిపోబోయిన తల్లులకు ఇచ్చాడు. లారీ కింద పడ్డవాడికీ ఇచ్చాడు, ఆ లారీ నడిపినవాడికీ ఇచ్చాడు. మూడు ఆస్పత్రుల గోడల మీద ఆయన ఫోన్ నంబరు రాసి ఉండేది. అంతటి గౌరవం ఆ ఊళ్లో ఏ పెద్దమనిషికీ దక్కలేదు.

ఫోన్ రాగానే ఆయన అడిగేది ఒకటే మాట: "పేషెంటు ఎవరమ్మా?" అవతల ఎవరి పేరు చెప్పినా, తెలిసినవాళ్లయినా కాకపోయినా, జవాబూ ఒకటే: "వస్తున్నానని చెప్పు." పొట్టి చేతుల చొక్కా తొడుక్కుని సైకిలెక్కేవాడు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, "తీరికేదిరా?" అని నవ్వేవాడు. ఊరంతా రక్తసంబంధమే, గదిలో మాత్రం ఒక్కడే.

అరవై అయిదు నిండిన మర్నాడు బ్లడ్ బ్యాంకు వాళ్లు పిలిచి, మెడల్ వేసి, ఫోటో తీశారు. కౌంటర్లో అమ్మాయి ఆప్యాయంగా చెయ్యి పట్టుకుంది.

"ఇక మీకు రెస్టు బాబాయ్ గారూ. రూలు ప్రకారం ఈ వయసు దాటితే తీసుకోకూడదు."

"నా రక్తానికేం వయసొచ్చిందమ్మా? నిన్న పుట్టినట్టుంటుంది."

"నాకు తెలుసు బాబాయ్ గారూ. రూలుకి తెలీదు."

లేత్ మిషన్ వదిలినప్పుడు ఆయనకు దిగులు లేదు. ఇప్పుడు కాళ్లకింద నేల తీసేసినట్టయింది. గోడల మీద నంబరు చెరిపేసి వేరెవరిదో రాశారు. ఫోన్ మోగడం మానేసింది. మొదట్లో అది చెడిపోయిందనుకున్నాడు. సందు చివర ఫోన్ల షాపు కుర్రాడి చేతిలో పెట్టాడు.

"మోగట్లేదురా. బాగుచెయ్యి."

వాడు తన ఫోన్‌తో ఆయన నంబరు నొక్కాడు. గల్లాపెట్టె మీద ఫోన్ గణగణ మోగింది.

"శుభ్రంగా మోగుతోంది బాబాయ్. చేసేవాళ్లు ఉండాలిగానీ!" అని నవ్వాడు. వాడు మామూలుగానే అన్నాడు. బాబాయి ఆ మాట ఇంటిదాకా మోసుకొచ్చి, మంచం మీద కూర్చుని, చాలాసేపు దింపలేకపోయాడు.

అలా ఉండగా ఒక ఉదయం సెలూన్‌కి వెళ్లాడు. సెలూన్ నడిపే ఆయన వయసులో చిన్నవాడైనా మాటలో పెద్దవాడు. కత్తెర ఆడిస్తూ పెద్దబజారులో కొత్తగా వెలిసిన జుట్టు ఆస్పత్రిని తిట్టిపోస్తున్నాడు.

"జుట్టున్నమ్మ ఏ కొప్పయినా పెడుతుందన్నారు. ఇప్పుడు జుట్టు లేనివాడికీ కొప్పు పెడతారట! నా కుర్చీలో కూర్చునేవాళ్లంతా అక్కడికే పోతున్నారు. ఏం చేస్తారో తెలుసా? చేతిలోంచి రక్తం లాగి, మిషన్లో గిరగిరా తిప్పి, పైకి తేరిన పసుపు నీళ్లు నెత్తిలో పొడుస్తారట. బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడమంటే ఇదే!"

బాబాయి కుర్చీలో నిటారుగా లేచాడు. కత్తెర చెవికి తగలడం కాస్తలో తప్పింది.

"రక్తమా? ఎవరి రక్తం? వయసు రూలు ఉందా?"

"కదలకు బాబాయ్! నీకెందుకది? నీ నడినెత్తి మీద నాలుగు పరకలు మిగిలాయి. వాటికి నేను చాలు."

బాబాయికి నెత్తి గోడు లేదు. ఆయన ఆలోచనంతా ఒక్కటే. జుట్టు రాలిన కుర్రాళ్లు ఊళ్లో బోలెడు. వాళ్ల రక్తంలో బలం లేకే కదా రాలింది! తనది అందరికీ సరిపోయే రక్తం. పోసే చోటు మారింది, అంతేగా? ఆ రాత్రి కంటినిండా నిద్రపోయాడు. పొద్దున్నే మెడల్ జేబులో వేసుకుని, పొట్టి చేతుల చొక్కా తొడుక్కుని బయల్దేరాడు.

అలాంటి ఆస్పత్రి ఆయన ఎన్నడూ చూడలేదు. మామూలు ఆస్పత్రిలో ఒక రోగి వెంట పదిమంది చుట్టాలుంటారు. ఏడుస్తారు, అరుస్తారు, ఒకరి టీ ఒకరు తాగుతారు. ఇక్కడ ఎవరికి వారే వచ్చారు. టోపీ పెట్టుకున్న కుర్రాడు ఒక మూల, తలకు గుడ్డ చుట్టుకున్న ఆడమనిషి ఒక మూల. ఒకరి మొహం ఒకరు చూడరు. అంతా నేలకేసి చూస్తున్నారు. బాబాయి టోపీ కుర్రాడి పక్కన చేరాడు.

"భయపడకు నాయనా. నాది ఓ నెగిటివ్. నీకిచ్చేస్తాను."

కుర్రాడు లేచి వెళ్లి ఇంకో కుర్చీలో కూర్చున్నాడు.

లోపల డాక్టరమ్మ చిన్నవయసుదే. మెడల్ చేతిలోకి తీసుకుని రెండువైపులా చూసింది. నవ్వలేదు. అది బాబాయికి నచ్చింది.

"ఎంతమందికైనా ఇస్తానమ్మా. డబ్బు వద్దు. ఇంతవరకు ఎక్కడా తీసుకోలేదు."

"మీలాంటివాళ్లు ఉండబట్టే మా ఆస్పత్రులు నడిచాయండీ. కానీ ఈ వైద్యంలో ఎవరి రక్తం వాళ్లకే. పక్కవాళ్లది పనికిరాదు."

"నాది అందరికీ సరిపోతుంది తల్లీ!"

"ప్రాణం మీదికొచ్చినప్పుడు ఎక్కిస్తే సరిపోతుంది. ఇక్కడ మాత్రం రక్తంలో గాయాలు మాన్పే కణాలుంటాయి చూడండి, అవి ఎక్కువగా ఉండే నీళ్లను వేరుచేసి, ఎవరివి వాళ్ల తలలోకే ఎక్కిస్తాం. జుట్టు వేళ్లకు కాస్త ఊతం దొరుకుతుందని ఆశ."

బాబాయి మెడల్ వెనక్కి తీసుకుని జేబులో వేసుకున్నాడు. లేవబోతూ ఉంటే ఆమె ఆపింది. భూతద్దం పెట్టి నడినెత్తిని పాయలు తీసి చూసింది. ఎన్నేళ్లయిందో, కత్తిరించడానికి తప్ప ఆయన తలను ఒకరు అంత నెమ్మదిగా తాకి!

"పలచబడిందిగానీ వేళ్లు పూర్తిగా చావలేదు. కావాలంటే ప్రయత్నించొచ్చు. నెలకొకసారి, కొన్నిసార్లు రావాలి. జుట్టు వస్తే రావచ్చు, రాకపోనూ వచ్చు. నేనైతే మాట ఇవ్వను."

"జుట్టు సంగతి అలా ఉంచమ్మా. రక్తం తీస్తారా?"

"తీస్తాం. ముందు చిన్న పరీక్షలు చేసి, అన్నీ సరిగ్గా ఉంటేనే."

"నా వయసుకి రూలు లేదుగా?"

"మీ రక్తం మీకే కదండీ. దానికి రూలెందుకు?"

పరీక్షలన్నీ నెగ్గాడు. నెగ్గకపోవడం ఆయన చరిత్రలో లేదు. నర్సు సూది తీసేసరికి చొక్కా చెయ్యి పైకి లాగి, నరం ఎక్కడుందో వేలితో చూపించాడు. ఆమె ఓ చిన్న గొట్టం నిండగానే సూది లాగేసింది.

"ఇంతేనా?"

"ఇంతే బాబాయ్ గారూ."

"సంచీ నింపుకోమ్మా, మొహమాటపడకు."

నర్సు పకపకా నవ్వి, గొట్టాన్ని మిషన్లో పెట్టి, ఎదురుగా అంతే బరువున్న ఇంకో గొట్టం పెట్టింది. మిషన్ తిరిగింది. లేత్ మీద వంకర ముక్క బిగిస్తే ఎలా కొట్టుకుంటుందో తెలిసినవాడు కనుక, బాబాయి చెవి ఒగ్గి విన్నాడు. కుదురుగా తిరుగుతోంది. అది ఆగాక చూస్తే పైన తేనెరంగు నీళ్లు, అడుగున చిక్కని ఎరుపు. నర్సు పైదాన్ని సిరంజిలోకి లాగింది.

"మరి ఆ ఎర్రది?"

"పారేస్తాం."

"పారేస్తారా!"

"ఇంత కొంచెం ఎవరికీ పనికిరాదు బాబాయ్ గారూ."

మూత ఉన్న డబ్బాలో గొట్టం పడిన చప్పుడు చిన్నదే. ఆయన చాలాసేపు ఆ డబ్బాకేసే చూశాడు. ఆయన రక్తం నేలపాలు కావడం ఆయన ఎరిగినంతలో అదే మొదలు.

నెత్తిమీద సూదులు దిగుతుంటే, ఏనాడూ అననివాడు, "అబ్బా" అన్నాడు. నర్సు నుదుటి మీద చెయ్యి వేసింది.

"ఎప్పుడూ ఇంజెక్షన్ చేయించుకోలేదా?"

"ఇవ్వడమే నాకు అలవాటమ్మా. తీసుకోవడం తెలీదు."

గదికి వచ్చేసరికి తల దిమ్ముగా ఉంది. మర్నాటిదాకా తలస్నానం చెయ్యకూడదన్నారు. వెనకటి రోజుల్లో రక్తమిచ్చి వచ్చాక, ఆ రక్తం ఎక్కిన మనిషి ఈపాటికి కళ్లు తెరిచి ఉంటాడని ఊహించుకుంటూ పడుకునేవాడు. ఆ ఊహ ఆయనకు భోజనం తర్వాత తాంబూలం లాంటిది. ఇప్పుడు ఊహించుకోవడానికి అవతల ఎవరూ లేరు. నొప్పి పెట్టిన తలా తనదే, నొప్పిగా ఉందా అని అడగవలసిన మనిషీ తనే. కిటికీ అవతల సైకిళ్లు, మోటారు బళ్లు పోతున్నాయి. వాటిమీద వెళ్లేవాళ్లలో తన రక్తం ఉన్నవాళ్లు ఎందరో! ఒక్కరూ తలెత్తి చూడలేదు. వాళ్లకు తెలియదు పాపం. ఎవరి రక్తం ఎక్కిందో పేషెంటుకు చెప్పరు. అదీ రూలే.

రోజులు గడిచాయి. అద్దంలో ముందుభాగమే కనిపిస్తుంది, నడినెత్తి కనపడదు. సెలూన్ ఆయనను అడిగితే, "నూగు వచ్చినట్టూ ఉంది, రానట్టూ ఉంది" అన్నాడు. ఇక వెళ్లకూడదని బాబాయి నిశ్చయించుకున్నాడు. ఎవరికీ అక్కరకు రాని రక్తం తీయించుకుని పారబోయించడం దేనికని.

ఓ మధ్యాహ్నం స్టవ్ మీద టీ మరుగుతుండగా ఫోన్ గణగణ మోగింది. ఆయన లేచిన విసురుకి గ్లాసు దొర్లింది.

"బాబాయ్ గారూ, రేపు ఉదయం రక్తం ఇవ్వడానికి రావాలండీ." అవతల ఆడగొంతు.

అంతే. ఆయన నిటారుగా నిలబడ్డాడు. ఏళ్లనాటి అలవాటు నోట్లోంచి దానంతటదే వచ్చింది.

"పేషెంటు ఎవరమ్మా?"

 అవతల జుట్టు ఆస్పత్రి నర్సు నవ్వాపుకుంటూ, ఆపుకోలేక, మెల్లగా అంది.

"మీరేనండీ బాబాయ్ గారూ."

టీ పొంగి స్టవ్ ఆరిపోయింది. బాబాయి గోడకు తగిలించిన పొట్టి చేతుల చొక్కాకేసి చూశాడు. అరచేత్తో నడినెత్తి ఒకసారి తడుముకున్నాడు, ఆస్పత్రి మంచం మీది మనిషిని పలకరించినట్టు.

"సరేనమ్మా," అన్నాడు. "వస్తున్నానని చెప్పు."