ఒక్క మనిషికి సరిపడే గిన్నె

ఉద్యోగాలు చేసుకునే ఆడపిల్లల హాస్టల్లో ఆమె వంటమనిషి. పిల్లలంతా పెద్దక్క అని పిలిచేవారు. పెళ్ళీడు నుంచి తల నెరిసేదాకా ఆ పొయ్యిల ముందే నిలబడింది. అక్కడి గిన్నెల్లో అన్నిటికన్నా చిన్నదాంట్లో పసిపిల్లని కూర్చోబెట్టి నీళ్ళు పోయొచ్చు. గరిటెలైతే పడవ తెడ్లే. ఎవరైనా పెళ్ళి మాట ఎత్తితే, “వందమందికి వండిపెడుతున్నా, మళ్ళీ ఇంకొకడు కూడానా?” అని నవ్వేసేది.

సరుకుల గది పక్కన ఒక మంచం, ఒక పెట్టె, అంతే ఆమె సంసారం. ఆ ఏడాది ఆ గది కూడా బియ్యం బస్తాలకి కావాల్సి వచ్చింది. హాస్టల్ ఎదురు వీధిలో బట్టలు కుట్టే దర్జీ ఆమెకి పాత స్నేహితురాలు. తన కొట్టు పైన గది ఖాళీ అవగానే ఇంటివాళ్ళతో మాట్లాడి, పెద్దక్క అవునూ కాదూ అనేలోపే మంచం పైకెక్కించేసింది.

గది చిన్నదే. కానీ ఒక మూల అడ్డుగోడ వెనక వంటగట్టు ఉంది, దాని మీద కిటికీ ఉంది, కిటికీ పక్కన కుళాయి ఉంది. మొదటి సాయంత్రం పెద్దక్క కుళాయి తిప్పి దోసిలి పట్టి నీళ్ళు తాగింది. దర్జీ గుమ్మంలో నిలబడి చూసింది.

“గ్లాసు లేదా అక్కా?”

“ఎందుకుంటుందే? నాదంటూ ఎప్పుడైనా ఒక్క చెంచా కొన్నానా?”

అద్దె బయానా పోగా చేతిలో మిగిలింది కొద్దే. వారం సెలవు రోజున ఇద్దరూ బజారుకి బయల్దేరారు. డబ్బు సంచీ దర్జీ తన దగ్గరే పెట్టుకుంది. “నీ చేతికిస్తే పెద్ద గుండిగ ఒకటి కొని, అందులోనే పడుకుంటానంటావు” అంది. ఆమె మెడలో కొలతల టేపు వేలాడుతూనే ఉంది. స్నానానికి తప్ప అది తీయదని వీధి అంతా చెప్పుకునేవాళ్ళు.

అద్దాల బీరువాల్లో గిన్నెలు పెట్టి అమ్మే ఏసీ షాపులో ధర చీటీలు చదివి, చల్లగాలి కాసేపు పీల్చుకుని బయటికొచ్చారు. సందు చివర తూకానికి అమ్మే స్టీలు కొట్టు ఉంది. అందులోకి అడుగు పెట్టగానే పెద్దక్క కాళ్ళు వాటంతటవే వెనక వరుసకి నడిచాయి. అక్కడ బోర్లించిన పెద్ద గుండిగ వీపు నిమురుతూ నిలబడిపోయింది. కొట్టతను మంచి బేరం తగిలిందని పరుగున వచ్చాడు.

“ఎంతమందికమ్మా భోజనాలు?”

“నా ఒక్కదానికే బాబూ.”

అతను ఆమెకేసి చూసి, గుండిగకేసి చూసి, దర్జీ వైపు తిరిగాడు. దర్జీ అప్పటికే పెద్దక్క రెక్క పట్టుకుని ముందు వరుసలోకి లాక్కొస్తోంది. అరచేతిలో ఇమిడే గిన్నె ఒకటి తీసి ఇచ్చింది.

పెద్దక్క దాన్ని అటూ ఇటూ తిప్పింది. “ఇందులో వండితే అన్నం ఎక్కడుందో వెతుక్కోవాలే.”

“నువ్వు పూటకి ఎంత తింటావు?”

“వందమందికి ఎంతో అడుగు, కళ్ళు మూసుకుని చెప్తా. ఒక్కదానికి ఎప్పుడు కొలిచాను? మిగిలింది తినేదాన్ని.”

దర్జీ చేతిసంచీలోంచి చొక్కా గుండీల పొట్లం తీసింది. గుండీలన్నీ కొంచెం పెద్ద గిన్నె ఒకదాంట్లో గలగలా పోసింది. “ఇవే బియ్యమనుకో. చాలినన్ని ఉంచు, మిగతావి తీసెయ్.”

పెద్దక్క కొట్టు మధ్యలో గొంతుక్కూర్చుంది. గుండీలు పిడికిట్లోకి తీసుకుంది, కొన్ని వదిలింది, మళ్ళీ కొన్ని కలిపింది. ఉడికితే ఎంతవుతుందో గిన్నె అంచు మీద వేలితో గీత గీసి చూసుకుంది. దర్జీ టేపు తీసి గిన్నె చుట్టూ వేసి, “నడుము బాగానే ఉంది, ఎత్తు ఒక అంగుళం పెంచొచ్చు” అంది. పక్కన గ్లాసులు బేరమాడుతున్నావిడ బేరం మరిచిపోయి చూస్తోంది. కొట్టతను ముందు నవ్వాపుకున్నాడు, తర్వాత ఆపుకోలేక తనే కూర్చుని, “అమ్మా, ఇంకో గుప్పెడు వెయ్యండి. కష్టపడే మనిషి, అది చాలదు” అన్నాడు.

గిన్నె కుదిరింది. మెట్ల కింద సొట్టలు పడిన సామాను గుట్టగా పోసి ఉంటే, మిగతావాటి కోసం అందులో దిగారు. ఇక్కడ మాత్రం పెద్దక్క రాజ్యం. ఒక్కొక్కటీ తీసి గోటితో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని వింది. అంచు వంకరపోయినా అడుగు మందంగా ఉన్న బాణలి దొరికింది. దర్జీ మూతల పోగులో టేపుతో యుద్ధం చేసి, గిన్నెకి సరిపోయే మూత పట్టింది. రంగు కలవలేదు. “లోపలున్నది ఉడికితే చాలు” అంది పెద్దక్క.

ఇక బేరం. దర్జీ చెప్పిన ధర విని కొట్టతను గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

“ఆ ధరకిస్తే ఈ గిన్నె పట్టుకుని నేను వీధిన పడాలమ్మా.”

“పడితే మా అక్క అన్నం పెడుతుందిలే. మంచి చెయ్యి.”

అతను ఓడిపోయాడు. లెక్క కట్టబోతుంటే పెద్దక్క రెండు కంచాలు తెచ్చి తూకంలో పెట్టింది. సంచీలో డబ్బు దానికి చాలదు.

“ఒక్క మనిషివి, రెండెందుకు?”

“నువ్వు పైకొస్తే మూతలో తింటావా?”

దర్జీ తను ముచ్చటపడి తీసిన అట్లకాడని చప్పుడు కాకుండా మళ్ళీ గుట్టలో పెట్టేసింది. కంచాలు రెండూ తూగాయి. కొట్టతను తూకం అయిపోయాక ఒక చెంచా ఊరికే వేశాడు.

ఇంటికొచ్చి, గిన్నెలు తోమి, దర్జీ కొట్టులోంచి బియ్యం, కూరగాయలు, ఉప్పు డబ్బా, చిన్న స్టవ్ పైకి తెచ్చి, స్టవ్ ముట్టించారు. అన్నం సరిగ్గా వచ్చింది, దాన్ని ఒక కంచంలోకి తీసి గిన్నె ఖాళీ చేశారు. చిక్కంతా కూర దగ్గర వచ్చింది. ఉప్పు డబ్బాలోకి వెళ్ళిన పెద్దక్క చెయ్యి ఎప్పటి అలవాటు ప్రకారం గుప్పెడు తీసి విసిరింది. విసిరాక గుర్తొచ్చింది. నీళ్ళు పోసింది, బంగాళదుంపలు కోసి వేసింది, మళ్ళీ నీళ్ళు పోసింది. బాణలి నిండి కూర గిన్నెలోకి వచ్చింది, గిన్నె నిండి రెండో కంచంలోకి వచ్చింది. దర్జీ గోడకి చేరగిలబడి, పొట్ట పట్టుకుని నవ్వింది.

“ఇప్పుడేం చెయ్యను?” అంది పెద్దక్క.

“తలుపు తియ్.”

ఎదురు వాటాలో గడియారాలు బాగుచేసే ముసలాయన, ఆయన భార్య ఎవరి కంచం వాళ్ళు తెచ్చుకున్నారు. ఉన్న అన్నం చాలక ముసలావిడ తన గిన్నెలోది కూడా పట్టుకొచ్చింది. పెద్దక్క చెంచానే గరిటెలా పట్టుకుని లేవబోయింది. దర్జీ ఆమె భుజం నొక్కి కూర్చోబెట్టి, కంచం ముందు పెట్టి తనే వడ్డించింది. పెద్దక్క పొగలు కక్కే అన్నం వైపు చూస్తూ ఉండిపోయింది. నిలబడి, అందరిదీ అయ్యాక, చల్లారింది తినడమే ఆమెకి తెలుసు.

“తినక్కా, చల్లారిపోతుంది.”

మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని వంటమనిషిలాగే మొహం పెట్టింది. “ఉప్పు కాస్త తగ్గింది” అంది. ముసలాయనకి పొలమారింది.

ముసలివాళ్ళిద్దరూ వెళ్ళాక కిటికీలోంచి ఎండ గట్టు మీదికి వచ్చింది. కడిగి బోర్లించిన సామాను చూస్తూ పెద్దక్క గోడకానుకుని కూర్చుంది. అలాగే ఒరిగి నిద్రపోయింది. పట్టపగలు ఆమె కునుకు తీయడం దర్జీ ఎన్నడూ చూడలేదు. తలుపు దగ్గరగా వేసి, చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగింది. మర్నాటికి ఇవ్వాల్సిన బట్టలున్నాయి. మిషను తొక్కితే పైకి వినపడుతుంది. అందుకని సూదీ దారం తీసుకుని, ఎండ వాలేదాకా చేత్తోనే కుడుతూ కూర్చుంది.