సోడా బండి పక్కన చలివేంద్రం

ఎండాకాలం వచ్చిందంటే నా గుండెల మీద బరువు పడుతుంది. ఏళ్లుగా ఇంతే. మా ఆవిడ గ్యాస్ అనుకుని గోలీ ఇస్తుంది. నేనూ మింగుతాను. గ్యాస్ కాదని మీకొక్కరికే చెబుతున్నాను.

సూర్యాపేటలో నాది బట్టల దుకాణం. దాని ముందు యాదగిరి సోడా బండి ఉండేది. సోడాకు వచ్చినవాళ్లు బైకులు నా మెట్లకు అడ్డంగా పెట్టేవారు. చీరలకొచ్చిన ఆడవాళ్లు దారి లేక పక్క దుకాణానికి పోయేవారు. బండి కాస్త జరుపుకోమని యాదగిరిని ఒక్కసారైనా అడిగానా? లేదు. అడిగితే పేదవాడి పొట్ట కొడుతున్నానంటారు. అదే పుణ్యకార్యం చేస్తే ఎవరేమంటారు?

అందుకని సరిగ్గా ఆ బండి పక్కనే, మా నాన్న పేరు మీద చలివేంద్రం పెట్టాను. బతికున్నన్నాళ్లు గిరాకీకి టీ కూడా తాగించని మా నాన్న, ఫ్లెక్సీలో చేతులు జోడించి ఊరందరినీ చల్లటి నీళ్లకు పిలిచాడు. అయినా కొందరు నీళ్లు తాగి మరీ సోడా తాగుతున్నారు. మజ్జిగ కూడా మొదలుపెట్టాను.

కొద్దిరోజుల్లోనే యాదగిరి గిరాకీ పడిపోయింది. ఒక మధ్యాహ్నం గోనెసంచిలో ఐసుగడ్డ చుట్టుకుని నా దగ్గరకు వచ్చాడు. తిడతాడనుకున్నాను.

"సేటూ, నాకెట్లాగు గిరాకీ లేదు. ఈ ఐసు ఊకెనే కరిగిపోతది. నీ కుండలల్ల ఎయ్యనా?"

"నీకు నష్టం కాదా, యాదగిరీ?"

"అయితది. ఏంజేస్తం? పైసల్లేనోళ్లు గూడ సల్లగ తాగుతున్నరు. మంచి పని జేస్తున్నవ్. జర మజ్జిగల ఉప్పు తక్కువైంది, సూడు."

అప్పుడైనా నిజం చెప్పాల్సింది. చెప్పానా? "ఉప్పు వేయిస్తాలే" అన్నాను.

ఆ నెలలోనే అతను బండి ఎత్తేసి కోదాడ వెళ్లిపోయాడు. వ్యాపారుల సంఘం నాకు శాలువా కప్పింది. బైకులు తగ్గాయా? ఉచిత మజ్జిగకు రెట్టింపయ్యాయి. చలివేంద్రం మాత్రం తీయలేను, ఊరు ఊరుకోదు.

మొన్న పనిమీద కోదాడ వెళ్తే, యాదగిరి ఒక హోటల్లో ప్లేట్లు కడుగుతూ కనిపించాడు. అక్కడ బండి నడవలేదట. తడి చేతులు తుడుచుకుని వచ్చి, యజమానికి నన్ను ధర్మాత్ముడని పరిచయం చేశాడు. చాయ్ తాగించాడు. తాగాను. క్షమించమని అడగలేదు. అడిగితే వెంటనే క్షమించేస్తాడు, దానికే భయపడ్డాను.

ఆ కుండలు పెట్టింది యాదగిరిని అక్కణ్ణుంచి లేపడానికే. ఈ ఒక్క వాక్యం నాలుగుసార్లు కొట్టేసి, ఐదోసారి ఉంచాను. ఇప్పుడు కాస్త ఊపిరి ఆడుతోంది.